పోడియాట్రీ విద్యార్థి ఏ పరిశోధనను ఎంచుకోవాలి? ల్యాబ్, రికార్డులు, రోగులు, గ్రంథ సమీక్షల మధ్య ఒక పోలిక

అమెరికాలో పోడియాట్రీ, అంటే పాదాల వైద్యం, చదువుతున్న తెలుగు విద్యార్థులు మొదటి ఏడాది శీతాకాలపు సెలవుల నాటికి దాదాపు ఒకే ప్రశ్నతో నన్ను సంప్రదిస్తారు. వచ్చే వేసవిలో ఏ పరిశోధనలో చేరితే మంచిదన్నదే ఆ ప్రశ్న. మాట మొదలైన క్షణం నుంచి అది విషయం చుట్టూనే తిరుగుతుంది: షుగర్ వ్యాధి వల్ల వచ్చే పాదాల పుండ్లా, క్రీడాకారుల గాయాలా, బొటనవేలి మొదట్లో ఎముక ఉబ్బే బనియన్ సమస్యకు శస్త్రచికిత్సా? విషయం కన్నా ముందు తేల్చుకోవలసినది మరొకటి ఉందని నేను వారికి చెబుతూ ఉంటాను. మీ పరిశోధనకు కావలసిన సమాచారం ఎక్కడ పుడుతుంది? యంత్రంలోనా, ఆసుపత్రి రికార్డుల్లోనా, ఎదురుగా కూర్చున్న రోగి నోటనా, ఇదివరకే అచ్చయిన వ్యాసాల్లోనా? పనికి ఎంత కాలం పడుతుంది, ఎవరి అనుమతి కావాలి, చివరికి మీకు ఏ నైపుణ్యం అబ్బుతుంది అన్నవన్నీ ఈ జవాబును బట్టే ఉంటాయి. అందుకే ఈ పోలికను రోగాలవారీగా కాక, సమాచారం పుట్టే చోటును బట్టి చేస్తున్నాను.

మన ఊళ్ళలో ఉన్న తల్లిదండ్రుల కోసం ఒక్క మాట. భారతదేశంలో షుగర్ రోగి పాదాన్ని సాధారణంగా మధుమేహ నిపుణులో, జనరల్ సర్జన్లో, రక్తనాళాల సర్జన్లో చూస్తారు. అమెరికాలో పాదానికీ చీలమండకూ ప్రత్యేకించిన వైద్య పట్టా ఉంది. దానిని డీ.పీ.ఎం. అంటారు. అది నాలుగేళ్ళ చదువు, ఆ తరువాత మూడేళ్ళ రెసిడెన్సీ, అంటే ఆసుపత్రిలో శిక్షణ. ఇక్కడ చెప్పేదంతా ఆ నాలుగేళ్ళలో విద్యార్థికి దొరికే పరిశోధన అవకాశాల గురించి.

ముందుగా కాలం లెక్క

మొదటి రెండేళ్ళూ అనాటమీ, ఫిజియాలజీ, ఫార్మకాలజీ, బయోమెకానిక్స్ వంటి పాఠాలతో నిండిపోతాయి. రెండో ఏడాది ముగిసే సరికి ఏ.పీ.ఎం.ఎల్.ఈ. అనే లైసెన్సు పరీక్ష మొదటి భాగం ముందుంటుంది కాబట్టి ఆ వేసవి పరిశోధనకు మిగలదు. మూడో ఏడాది క్లినిక్‌లలో గడుస్తుంది. నాలుగో ఏడాది నెలకొక ఆసుపత్రి చొప్పున ఎక్స్‌టర్న్‌షిప్‌లు తిరుగుతూనే రెసిడెన్సీకి దరఖాస్తు చేసుకోవాలి. దీనిని బట్టి చూస్తే, చాలా కళాశాలల్లో రోజంతా పరిశోధనకే ఇవ్వగలిగే కాలం మొదటి, రెండో సంవత్సరాల మధ్య వచ్చే వేసవి ఒక్కటే, అది కూడా ఎనిమిది పది వారాలకు మించదు. మిగతాదంతా సాయంత్రాలు, వారాంతాలు, పరీక్షల మధ్య దొరికే ఖాళీలు.

ఇంకొక లెక్క కూడా వేసుకోవాలి. రెసిడెన్సీ ఇంటర్వ్యూలు నాలుగో ఏడాది మధ్యలోనే వస్తాయి కాబట్టి, దరఖాస్తులో కనిపించవలసిన పని ఏదైనా మూడో ఏడాది చివరికి ఒక రూపానికి వచ్చి ఉండాలి. సదస్సులకు సారాంశాలను నెలల ముందే పంపాలి, పత్రికకు పంపిన వ్యాసం సమీక్ష పూర్తయి వెలుగు చూడడానికి మరికొన్ని నెలలు పడుతుంది. ఈ రెండు లెక్కలనూ ఒక కాగితం మీద రాసుకోకుండా ప్రాజెక్టును ఎంచుకున్న విద్యార్థి పని సగంలో ఉండగానే నాలుగో ఏడాదికి చేరుకోవడం నేను చాలాసార్లు చూశాను.

ల్యాబ్: నడకను కొలిచేది, పుండును పరిశీలించేది

వేసవి ఎనిమిది వారాలకు బాగా అమరేది ల్యాబ్ పరిశోధనే. అక్కడ పరికరాలు సిద్ధంగా ఉంటాయి, అనుమతులు చాలావరకు ముందే వచ్చి ఉంటాయి, నేర్పడానికి మనుషులు ఉంటారు. ఫిలడెల్ఫియాలోని టెంపుల్ విశ్వవిద్యాలయ పోడియాట్రీ కళాశాలలో నడక అధ్యయన కేంద్రం ఉంది. షికాగోకు ఉత్తరాన రోజలిండ్ ఫ్రాంక్లిన్ విశ్వవిద్యాలయంలో భాగమైన షోల్ కళాశాల 1912లో మొదలైంది. షుగర్ రోగుల నడక, పుండ్ల నివారణ మీద అక్కడి క్లియర్ అనే కేంద్రంలో ఎంతో పని జరిగింది. డెమొయిన్ విశ్వవిద్యాలయంలో మనిషి కదలికలను కొలిచే ల్యాబ్ ఉంది. ఇటువంటి చోట్ల అడుగు నేల మీద మోపే బలాన్ని కొలిచే ఫలకాలు, అరికాలి ఒత్తిడిని చదరపు సెంటీమీటరు వారీగా చూపే చాపలు, చెప్పులో పరిచే పలుచని సెన్సర్లు, కీళ్ళ కోణాలను పట్టే కెమెరాలు విద్యార్థి చేతికి వస్తాయి.

ఈ దారిలో దొరికే లాభం కేవలం సదస్సులో ప్రదర్శించే ఒక పోస్టరు కాదు. చెప్పు లోపలి గరిష్ఠ ఒత్తిడి 200 కిలోపాస్కల్స్ లోపు ఉండేలా, లేదా అంతకు ముందున్న దానికన్నా కనీసం 30 శాతం తగ్గేలా చూడాలని అంతర్జాతీయ మధుమేహ పాద కార్యవర్గం తన మార్గదర్శకాల్లో సూచిస్తుంది. ఆ అంకె క్లినిక్‌లో విన్నప్పుడు ఒక నియమంలా మాత్రమే తోస్తుంది. ఒక రోగి చెప్పులో మెత్తని అట్టను రెండు మిల్లీమీటర్లు చెక్కగానే బొటనవేలి వెనుక ఉండే మొదటి మెటటార్సల్ ఎముక కింద, ఎక్కువ ఒత్తిడిని చూపే ఎర్రని మచ్చ పసుపులోకి మారడం తెర మీద చూసిన విద్యార్థికి మాత్రం అది జీవితాంతం గుర్తుంటుంది.

ఈ శాఖ మూలాలు మన దగ్గరే ఉన్నాయన్న సంగతి ఇక్కడ చెప్పకుండా ఉండలేను. స్పర్శ పోయిన పాదానికి పుండు పడేది ఒక్కసారి తగిలిన దెబ్బ వల్ల కన్నా, నడిచే ప్రతి అడుగులో అదే చోట పడే మామూలు ఒత్తిడి వల్లనే ఎక్కువని పాల్ బ్రాండ్ అనే సర్జన్ వెల్లూరులో కుష్ఠు రోగుల మధ్య పనిచేస్తూ గ్రహించారు. మనకు తెలిసిన ఎం.సి.ఆర్. అనే మెత్తని రబ్బరు చెప్పులు ఆ ఆలోచన నుంచి వచ్చినవే. తరువాత ఆయన అమెరికాలోని కార్విల్ కుష్ఠు ఆసుపత్రికి వెళ్ళారు. నేడు ప్రతి పోడియాట్రీ విద్యార్థి జేబులో ఉండే 10 గ్రాముల బలానికి వంగే నైలాన్ తీగతో చేసే స్పర్శ పరీక్షకు ఆ ఆసుపత్రిలో జరిగిన పనే పునాది.

పుండ్ల మానుదలను కణజాల స్థాయిలో పరిశీలించే ల్యాబ్‌లు మరొక రకం. కణాలను పెంచడం, ఎలుకల మీద గాయాల అధ్యయనం, సూక్ష్మజీవుల పొరలను గుర్తించడం వంటి పనులు అక్కడ జరుగుతాయి. డీ.పీ.ఎం.తో పాటు పీహెచ్‌డీ చేయాలనుకునే వారికి ఇది సరైన చోటు. షోల్ కళాశాలలో ఆ జంట పట్టా మార్గం ఉంది. క్లినిక్ వైపు మాత్రమే మనసున్న విద్యార్థికి నేను దీనిని మొదటి ఎంపికగా చెప్పను. ఎలుక చర్మం ముడుచుకుని గాయాన్ని మూసుకుంటుంది, మనిషి అరికాలు అలా మానదు. ఆ తేడాను అర్థం చేసుకునే సరికే వేసవి అయిపోతుంది.

డబ్బు విషయంలో ఒక ముఖ్యమైన తేడా ఉంది, దానిని చాలా మంది తెలుగు విద్యార్థులు ఆలస్యంగా తెలుసుకుంటారు. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలు ఇచ్చే టీ35 అనే స్వల్పకాలిక శిక్షణ నిధి ద్వారా రెండు మూడు నెలల పాటు విద్యార్థికి భృతి దొరుకుతుంది. ఆ భృతి అమెరికా పౌరులకు, జాతీయులకు, శాశ్వత నివాసులకు మాత్రమే. ఎఫ్-1 వీసా మీద ఉన్నవారు దానికి అర్హులు కారు. అలాంటివారు కళాశాల సొంత నిధులతో నడిచే వేసవి కార్యక్రమాల గురించి అడగాలి. ఎఫ్-1 విద్యార్థి తరగతులు జరిగే రోజుల్లో క్యాంపస్‌లో వారానికి 20 గంటల వరకు, సెలవుల్లో పూర్తి కాలం పనిచేయవచ్చు. క్యాంపస్ బయటి ఆసుపత్రిలో జీతం తీసుకుని చేసే పనికి మాత్రం ముందుగా అనుమతి తప్పనిసరి. ప్రొఫెసర్ "సరే, వచ్చెయ్యి" అన్నంత మాత్రాన సరిపోదు. అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయంలో రాతపూర్వకంగా ఖరారు చేసుకున్న తరువాతే చేరాలి.

పాత రికార్డులు: ఎక్కువ మందికి నేను సూచించేది

క్లినిక్‌లో ఇదివరకు చికిత్స పొందిన రోగుల రికార్డులను తిరగేసి ఒక ప్రశ్నకు జవాబు వెతకడాన్ని ఇక్కడ చార్ట్ రివ్యూ అంటారు. కళాశాలలకు అనుబంధంగా ఉన్న క్లినిక్‌లలో ఏళ్ళ తరబడి పేరుకున్న రికార్డులు ఉంటాయి. రోగిని కొత్తగా పిలవనక్కరలేదు, కొత్త మందు ఇవ్వనక్కరలేదు. మానవ పరిశోధనలను పరిశీలించే ఐ.ఆర్.బి. అనే నైతిక సంఘం ఇటువంటి వాటిని సాధారణంగా సులభతర పద్ధతిలో చూస్తుంది. అనుమతి అవసరం లేదని దీని అర్థం కాదు. మినహాయింపు ఉందో లేదో నిర్ణయించేది విద్యార్థి కాదు, ఆ సంఘమే. పరిశోధన నైతికత మీద ఆన్‌లైన్‌లో జరిగే సిటి శిక్షణ ధ్రువపత్రం లేనిదే దరఖాస్తును ముట్టుకోరు కాబట్టి, మొదటి ఏడాది ఖాళీ దొరికిన ఒక వారాంతంలో దానిని పూర్తి చేసి పెట్టుకోవడం మంచిది.

ఇందులో విద్యార్థి నేర్చుకునేది మరే దారిలోనూ దొరకదని నా అభిప్రాయం. ఒక వైద్యుడు పుండు గురించి ఏమి రాశాడో, ఏమి రాయకుండా వదిలేశాడో వందల రికార్డుల్లో చూసిన విద్యార్థి తాను రాసే నోట్స్‌లో పుండు లోతును, ఎముక తగిలిందో లేదో, నాడి అందిందో లేదో ఎన్నటికీ మరచిపోడు. పుండు తీవ్రతను ఒకరు వాగ్నర్ శ్రేణిలో రాస్తారు, మరొకరు టెక్సస్ వర్గీకరణలో రాస్తారు, ఇంకొకరు "పుండు మెరుగు" అని రెండే మాటలు రాస్తారు. వీటిని ఒకే పట్టికలోకి తేవడానికి ముందే నియమాలు రాసుకోవాలి, ఆ నియమాలను రికార్డులు తెరిచాక మార్చకూడదు.

చిక్కులు కూడా చెప్పాలి. రోగులను రోగ సంకేతాల ద్వారా వెతుకుతారు. రెండో రకం మధుమేహంతో పాదానికి పుండు ఉంటే ఐ.సి.డి.-10 అనే సంకేతాల జాబితా ప్రకారం ఈ11.621 అని రాస్తారు. 2015 అక్టోబరు 1కి ముందు అమెరికాలో పాత ఐ.సి.డి.-9 సంకేతాలే ఉండేవి కాబట్టి, ఆ తేదీకి అటూ ఇటూ ఉన్న రికార్డులను కలిపితే రెండు వేర్వేరు తూనికరాళ్ళతో తూచినట్టే అవుతుంది. సంకేతం ఉన్న ప్రతి రోగికీ నిజంగా పుండు ఉండదు, పుండు ఉన్న ప్రతి రోగికీ సంకేతం పడదు. కనీసం కొన్ని పదుల రికార్డులను స్వయంగా చదివి సరిచూసుకోవాలి.

రెండవది అంకెల పరిమితి. ఉదాహరణకు 150 మంది రోగుల రికార్డులు దొరికాయనుకుందాం, వారిలో 20 మందికి వేలో పాదమో తీసేయవలసి వచ్చిందనుకుందాం. గణాంకవేత్తలు చాలాకాలంగా పాటించే ఉజ్జాయింపు సూత్రం ప్రకారం, ఒక్కొక్క కారణాన్ని పరీక్షించడానికి కనీసం పది సంఘటనలు కావాలి. అంటే ఆ 20 మందితో రెండు కారణాలను మాత్రమే నమ్మకంగా పరిశీలించగలం. వయసు, షుగర్ స్థాయి, పొగతాగడం, కిడ్నీ జబ్బు, రక్తప్రసరణ, చెప్పుల రకం అన్నీ ఒకే లెక్కలో వేస్తే వచ్చే ఫలితం మీద ఏ సమీక్షకుడికీ నమ్మకం కలగదు. రికార్డులు తెరవకముందే గణాంకవేత్తతో అరగంట కూర్చోవడం వల్ల మూడు నెలల శ్రమ వృథా కాకుండా ఉంటుంది.

రికార్డుల పరిశోధనలోనే ఎక్స్‌రేల కొలతలు ఒక చిన్న శాఖ. బొటనవేలు పక్కకు వాలిపోయి దాని మొదట్లో ఎముక ఉబ్బే బనియన్ సమస్యలో, శస్త్రచికిత్సకు ముందూ తరువాతా తీసిన ఎక్స్‌రేల మీద కోణాలను కొలుస్తారు. బొటనవేలి వాలు 15 డిగ్రీలు దాటితే సాధారణంగా దానిని లోపంగా లెక్కిస్తారు. ఇద్దరు విద్యార్థులు ఒకరికొకరు తెలియకుండా అవే ఎక్స్‌రేలను కొలిచి, రెండు వారాల తరువాత మళ్ళీ కొలిచి, తమ కొలతలు ఎంత దగ్గరగా ఉన్నాయో చూపగలిగితే అదే ఒక చక్కని, పూర్తి చేయగల పరిశోధన. శస్త్రచికిత్స వైపు ఆసక్తి ఉండి, సాయంత్రాలు మాత్రమే ఖాళీ ఉన్నవారికి ఇది బాగా సరిపోతుంది.

రోగులను చేర్చుకుని ముందుకు సాగే అధ్యయనాలు

శాస్త్రపరంగా వీటి విలువ ఎక్కువ, విద్యార్థికి వీటి ప్రమాదమూ ఎక్కువే. రెండు పాదాల మధ్య ఒకే చోట ఉష్ణోగ్రత తేడా 2.2 డిగ్రీల సెల్సియస్ దాటితే పుండు పడే ముప్పును ముందే పసిగట్టవచ్చని మనకు ఈరోజు తెలుసంటే, రోగులు ఇంట్లో రోజూ తమ పాదాల వేడిని కొలుచుకుంటూ నెలల తరబడి పాల్గొన్న అధ్యయనాలే కారణం. మానిన పుండు ఏడాదిలోపు సుమారు 40 శాతం మందిలో తిరిగి వస్తుందన్న అంచనా కూడా అలా ఏళ్ళపాటు రోగులను గమనించిన పనుల నుంచే వచ్చింది. ఈ రకం పరిశోధనకు పూర్తిస్థాయి ఐ.ఆర్.బి. పరిశీలన, రాతపూర్వక సమ్మతి, నిధులు, రోజూ ఫోన్ చేసి రోగిని పలకరించే మనిషి కావాలి.

విద్యార్థిగా నేను మొదట చేరినది ఇటువంటి దానిలోనే. చెప్పులో అమర్చిన సెన్సరుతో రోగులను ఏడాది పాటు గమనించాలన్నది ఉద్దేశం. రోగులు చేరడం నెలకు ఒకరిద్దరికి పడిపోయింది, చేరినవారిలో కొందరు రెండోసారి రాలేదు, మధ్యలో మార్గదర్శి వేరే ఊరికి మారారు. నేను నాలుగో ఏడాదికి వచ్చేసరికి రాయడానికి తగినంత సమాచారం లేదు. నేను రోగులతో గడిపిన గంటలు నాకు ఎంతో నేర్పాయి, అందులో సందేహం లేదు. అయినా ఆ ప్రాజెక్టును ఎంచుకునే ముందు ఒక ప్రశ్న అడిగి ఉండవలసింది: గత ఆరు నెలల్లో ఎంతమంది చేరారు? ఇప్పటికే నడుస్తూ, రోగులు సగానికి పైగా చేరిన అధ్యయనంలో ఒక చిన్న ఉపప్రశ్నను తీసుకోవడం విద్యార్థికి క్షేమం. సున్నా నుంచి మొదలయ్యే దానిలో ఒంటరిగా చేరడం క్షేమం కాదు.

శవాల మీద చేసే అధ్యయనాలు

దానమిచ్చిన కాళ్ళ మీద నరాలు, రక్తనాళాలు ఏ దారిన పోతున్నాయో గుర్తించడం, స్క్రూలు, పలకలు ఎంత బరువును తట్టుకుంటాయో పరీక్షించడం వంటివి ఈ కోవలోకి వస్తాయి. మానవ పరిశోధనల నియమాలు జీవించి ఉన్న వ్యక్తులకే వర్తిస్తాయి కాబట్టి ఐ.ఆర్.బి. గడప సాధారణంగా ఉండదు, కళాశాల శరీరదాన విభాగం అనుమతి మాత్రం కావాలి. ఘనీభవింపజేసిన కాళ్ళు ఖరీదైనవి, అందుకే సంఖ్య తక్కువ. అనాటమీ విభాగంలో మీకు చనువున్న అధ్యాపకులు ఉంటేనే ఈ దారిని ఆలోచించండి.

గ్రంథ సమీక్ష, బహిరంగ సమాచార నిధులు

అనుమతి అక్కరలేదు, ల్యాబ్ అక్కరలేదు, ఇంట్లో కూర్చుని చేయవచ్చు అన్న నమ్మకంతో చాలా మంది ఒక ప్రశ్న మీద అచ్చయిన వ్యాసాలన్నింటినీ పద్ధతి ప్రకారం వెతికి పరిశీలించే క్రమబద్ధ సమీక్షను ఎంచుకుంటారు. ఈ నమ్మకం సగమే నిజం. వెతికే పద్ధతిని ముందుగా ప్రాస్పెరో వంటి సమీక్షల ఆన్‌లైన్ పట్టికలో నమోదు చేయాలి, లైబ్రేరియన్ సాయంతో వేల శీర్షికలను వడకట్టాలి, ఇద్దరు వేర్వేరుగా ప్రతి వ్యాసాన్ని చదివి ఎంపిక చేయాలి, ఇద్దరికీ తేడా వస్తే మూడో మనిషి తేల్చాలి, సమీక్షలను ఎలా నివేదించాలో చెప్పే, 2020లో సవరించిన ప్రిస్మా పద్ధతిలో అన్నీ నివేదించాలి. సగటు విద్యార్థి జంటకు ఇది ఏడాది పని. క్రమశిక్షణ గల స్నేహితుడు లేదా స్నేహితురాలు తోడుంటే చేయదగినదే. ఒక్కరే చేస్తామంటే వద్దంటాను.

దానికన్నా తక్కువ మంది గమనించే మంచి దారి ఒకటుంది. అమెరికా ప్రభుత్వం నడిపే ఎన్‌హేన్స్ అనే జాతీయ ఆరోగ్య, పోషణ సర్వే సమాచారాన్ని ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు. 1999 నుంచి 2004 వరకు జరిగిన సర్వేల్లో 40 ఏళ్ళు దాటినవారి పాదాల స్పర్శను నైలాన్ తీగతో పరీక్షించారు, చీలమండ దగ్గరి రక్తపోటును చేతి రక్తపోటుతో పోల్చి రక్తప్రసరణను అంచనా వేశారు. పేర్లు తొలగించిన బహిరంగ సమాచారం కాబట్టి అనుమతి చిక్కులు చాలా తక్కువ. అయితే సర్వే బరువులను, అంటే పాల్గొన్న ఒక్కొక్కరు జనాభాలో ఎంతమందికి ప్రతినిధో చెప్పే అంకెలను, లెక్కలోకి తీసుకోకుండా సగటులు వేస్తే ఫలితం తప్పుతుంది, అందుకని ఆర్ వంటి గణాంక భాష కొంతైనా వచ్చి ఉండాలి. ఇంజినీరింగ్ చదివిన అన్నయ్యలు, అక్కలు ఉన్న మన ఇళ్ళలో ఆ సాయం దొరకడం కష్టం కాదు. ఇంటికి దూరంగా ఉన్న చిన్న కళాశాలలో, పరిశోధన చేసే అధ్యాపకులు తక్కువగా ఉన్నచోట చదివే విద్యార్థికి నేను మొదట దీనినే సూచిస్తాను.

ఒకే రోగి కథను వివరించే కేసు నివేదిక నాలుగో ఏడాది ఎక్స్‌టర్న్‌షిప్‌లో సహజంగా ఎదురవుతుంది. అరుదైన కణితి, నరాలు దెబ్బతిన్న పాదంలో ఎముకలు, కీళ్ళు కూలిపోయే షార్కో పాదం వింత రూపంలో రావడం వంటివి కనిపించినప్పుడు రోగి రాతపూర్వక సమ్మతి తీసుకుని, అక్కడి రెసిడెంటుతో కలిసి రాయండి. దీనిని మొదటి పరిశోధనగా పెట్టుకోనక్కరలేదు, అవకాశం వచ్చినప్పుడు వదులుకోనూ అక్కరలేదు.

ఇంకా కళాశాలను ఎంచుకోని వారికి

పరిశోధన మీద నిజమైన ఆసక్తి ఉంటే, కళాశాల పేరు కన్నా దాని చుట్టుపక్కల ఏమున్నదో చూడండి. అదే ప్రాంగణంలో వైద్య కళాశాల, ఫార్మసీ, ఇంజినీరింగ్ విభాగాలు ఉన్నచోట మార్గదర్శుల ఎంపిక విస్తారంగా ఉంటుంది. కెంట్ స్టేట్ పోడియాట్రీ కళాశాల విశ్వవిద్యాలయంలో భాగమే అయినా ప్రధాన ప్రాంగణానికి దూరంగా ఇండిపెండెన్స్ అనే ఊళ్ళో ఉంది. ఇటువంటి దూరాలు వెబ్‌సైటులో కనిపించవు, రోజూ ల్యాబ్‌కు వెళ్ళవలసి వచ్చినప్పుడే తెలుస్తాయి. టెక్సస్ దక్షిణపు అంచున రియో గ్రాండ్ లోయలో 2022లో తరగతులు మొదలుపెట్టిన కళాశాల కొత్తది, కానీ మధుమేహం చాలా ఎక్కువగా ఉన్న ప్రాంతం మధ్యలో ఉంది. పాదాల పుండ్లను ప్రజారోగ్య దృష్టితో చూడాలనుకునే వారికి పాత పేర్ల కన్నా అటువంటి చోటు మేలు కావచ్చు. ఇంటర్వ్యూకు వెళ్ళినప్పుడు పరిశోధన భవనాన్ని చూపమనడం కన్నా, గత ఏడాది సదస్సుకు పోస్టరు తీసుకెళ్ళిన రెండో ఏడాది విద్యార్థులు ఇద్దరిని కలిపించమని అడగండి. మార్గదర్శి ఎన్ని రోజులకు జవాబిస్తారో, సదస్సు ఖర్చు ఎవరు పెట్టుకున్నారో, రచయితల జాబితాలో తమ పేరు ఎక్కడ వచ్చిందో వారు సూటిగా చెబుతారు.

రచయితల వరుస గురించి మొదటి వారంలోనే మాట్లాడుకోవాలి. పెద్దవాళ్ళను అలా అడగడం మర్యాద కాదని మన పిల్లలు సంకోచిస్తారు. అంతర్జాతీయ వైద్య పత్రికల సంపాదకుల సంఘం రచయితకు ఉండవలసిన నాలుగు అర్హతలను స్పష్టంగా చెప్పింది: పనికి గణనీయమైన తోడ్పాటు, రాయడంలోనో సవరించడంలోనో పాలు, తుది ప్రతికి ఆమోదం, మొత్తం పనికి జవాబుదారీతనం. "ఈ నాలుగూ నెరవేర్చడానికి నేను ఏమేమి చేయాలి సార్?" అని అడిగితే అది పని మీద శ్రద్ధగానే వినిపిస్తుంది. డబ్బు కట్టండి, వారంలో అచ్చు వేస్తామని మెయిల్ పంపే పత్రికలకు మాత్రం జవాబు ఇవ్వకండి. వ్యాసం పబ్‌మెడ్ అనే వైద్య వ్యాసాల సూచికలో వెతికితే దొరికే పత్రికలో రావాలి.

రెసిడెన్సీ కోసమే పరిశోధన చేయాలనుకునే వారితో ఒక నిజం చెప్పాలి. ఎక్స్‌టర్న్‌షిప్ నెలలో మీరు ఎలా పనిచేశారన్నది వ్యాసాల సంఖ్య కన్నా చాలా ఎక్కువ బరువు తూగుతుంది. పేరు మాత్రమే ఉన్న ఐదు పోస్టర్ల కన్నా, ప్రతి అంకెకూ సమాధానం చెప్పగలిగిన ఒక్క చార్ట్ రివ్యూ ఇంటర్వ్యూలో మిమ్మల్ని నిలబెడుతుంది.

ఊరికి వచ్చినప్పుడు చేద్దామనుకునే పరిశోధన

వేసవిలో విజయవాడకో, హైదరాబాదుకో, వరంగల్లుకో వచ్చినప్పుడు తెలిసిన డాక్టరుగారి ఆసుపత్రిలో రోగుల సమాచారం సేకరించి అమెరికా కళాశాల పేరుతో రాద్దామన్న ఆలోచన చాలా మందికి వస్తుంది. ఆలోచన మంచిదే. 2023లో వెలువడిన ఐ.సి.ఎం.ఆర్.-ఇండియాబ్ అధ్యయనం దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉందని అంచనా వేసింది. చెప్పులు విడిచి గుడిలో ఎండకు కాగిన బండల మీద నడిచి, కాలిన సంగతి రాత్రి వరకు తెలియని రోగులు మన ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. కానీ ఆరు వారాల సెలవుల్లో ఇది నెరవేరదు. అమెరికా కళాశాల ఐ.ఆర్.బి.తో పాటు మన ఊరి ఆసుపత్రి నైతిక సంఘం ఆమోదం కావాలి. విదేశీ నిధులు, సంస్థల సహకారం ఉంటే ఐ.సి.ఎం.ఆర్. ద్వారా ఆరోగ్య మంత్రిత్వ శాఖ పరిశీలనా సంఘం అనుమతి కూడా కావలసి వస్తుంది. అనుమతి లేకుండా సేకరించిన సమాచారాన్ని తరువాత సరిదిద్దుకునే మార్గం లేదు.

అందుకు బదులుగా తెలుగు విద్యార్థి మాత్రమే బాగా చేయగల పని ఒకటి నా మనసులో చాలాకాలంగా ఉంది. మధుమేహంలో నరాల దెబ్బను పసిగట్టడానికి వాడే మిషిగన్ ప్రశ్నావళిలో రోగి స్వయంగా జవాబివ్వవలసిన ప్రశ్నలు 15 ఉన్నాయి. కాళ్ళు గానీ పాదాలు గానీ నంబ్‌గా ఉన్నాయా అన్నది మొదటి ప్రశ్న. ఆ ఒక్క మాటను తెలుగులో ఏమని అడగాలి? తిమ్మిరి అంటే ఒకరికి మొద్దుబారడం, మరొకరికి చీమలు పాకినట్టుండడం. "స్పర్శ లేదా అమ్మా?" అని అడిగితే, నడవగలుగుతున్నాను కదా, అలాంటి బాధేమీ లేదంటారు. అరికాలు మొద్దుబారిందా అంటే కొందరు అవునంటారు, చెప్పు జారిపోయినా తెలియడం లేదా అని అడిగితేనే మరికొందరు ఉలిక్కిపడి అవునంటారు. ఇంగ్లీషు ప్రశ్నను అప్పటికప్పుడు నోటితో అనువదించే బంధువు ఏ మాట వాడితే ఆ ఫలితమే రికార్డులోకి ఎక్కుతుంది.

ఇటువంటి ప్రశ్నావళిని మరో భాషలోకి తేవడానికి స్థిరపడిన పద్ధతి ఉంది. ముందుగా మూల హక్కుదారుల అనుమతి తీసుకోవాలి. ఇద్దరు వేర్వేరుగా తెలుగులోకి అనువదించాలి, మూలాన్ని చూడని మరొకరు దానిని తిరిగి ఇంగ్లీషులోకి తేవాలి, తేడాలను వైద్యులతో కలిసి చర్చించాలి, ఆ తరువాత కొద్దిమంది రోగులతో ఒక్కొక్క ప్రశ్నా వారికి ఎలా అర్థమయిందో చెప్పించుకుని వినాలి. కోస్తా మాట, తెలంగాణ మాట, రాయలసీమ మాట వేరువేరుగా వినిపిస్తాయి కాబట్టి మూడు ప్రాంతాల వారూ ఉండేలా చూడాలి. డల్లాస్‌లోనో, న్యూజెర్సీలోనో పిల్లల దగ్గర ఉంటున్న పెద్దవారిలోనే అటువంటి రోగులు దొరుకుతారు, ఐ.ఆర్.బి. ఒక్కటే సరిపోతుంది, ఖరీదైన పరికరాలేవీ అక్కరలేదు. మొదటి ఏడాది వసంతంలో అనుమతికి దరఖాస్తు పెడితే వేసవిలో రోగులతో మాట్లాడవచ్చు, రెండో ఏడాది సెలవుల్లో రాయవచ్చు. ఇంట్లో అమ్మమ్మతోనో నాన్నమ్మతోనో ఈ వారమే కూర్చుని, ఆమె తన కాళ్ళ గురించి ఏ మాటలు వాడుతుందో విని రాసుకోండి. అవి పరిశోధన సమాచారం కాదు, అచ్చు వేయకూడదు, కానీ అనువాదం మొదలుపెట్టడానికి మీకు కావలసిన మాటలు అందులో ఉంటాయి.